ఐసీయూ సింకుని మోసుకెళ్ళిన మావయ్య

మా మావయ్య గురించి ఆసుపత్రి టీకొట్టు దగ్గర ఒక కథ చెప్పుకుంటారు. ఆయన భార్య ఐసీయూలో చనిపోయిందట. ఆ దుఃఖంలో మతి చెడి, పైపు రెంచి పట్టుకుని లోపలికి దూరి, అక్కడున్న సింకుని గోడలోంచి పీకి, పట్టపగలు ఓపీ జనం మధ్యలోంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడట. కొందరు దీనికి ఇంకాస్త మెరుగు పెట్టారు. ఆ సింకుని ఇంటికి తీసుకెళ్ళి వంటగదిలో బిగించుకున్నాడని. ఎక్స్‌రే గది వాచ్‌మన్ చెప్పే కథలో అయితే సింకుతో పాటు రెండు కుళాయిలు, ఒక అద్దం కూడా పోయాయి.

ఈ కథని నా ఎదురుగానే చాలాసార్లు చెప్పారు. నేను ఆయన మేనకోడలినని తెలియక కాదు, నేనక్కడ నిలబడి ఉన్నట్టు గమనించక. ఎవరి కంటా పడకుండా ఉండటం నాకు పుట్టుకతో వచ్చిన ఒకే ఒక్క విద్య. బళ్ళో నేర్చుకున్నవి పదో తరగతి మధ్యలో ఆగిపోయాయి. అమ్మ పోయిన ఏడాది అది. మావయ్య వచ్చి నన్ను తన ఇంటికి తీసుకెళ్ళాడు, కొన్నాళ్ళకి తను పనిచేసే ఆసుపత్రి ల్యాబులోనే గాజుసామాను కడిగే పనిలో పెట్టించాడు. ల్యాబులో నా పేరు ‘సైలెన్సర్’. వాళ్ళని తప్పు పట్టలేను. నేను ఒక మాట కూడబలుక్కుని నోరు తెరిచేసరికి అవతలివాళ్ళు ఆ సంగతి ముగించి, చేతులు కడుక్కుని, భోజనానికి వెళ్ళిపోయి ఉంటారు.

టీకొట్టు దగ్గర “ఆవిడ చనిపోలేదండీ” అని చెబుదామని ఎన్నోసార్లు గొంతు సవరించుకున్నాను. ఇంకో టీ అడుగుతున్నాననుకుని ప్రతిసారీ గ్లాసు చేతిలో పెడతారు. కాదనలేక తాగేసి వచ్చేస్తాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. రాసేటప్పుడైతే ఎవరూ మధ్యలో టీ ఇవ్వరు.

మావయ్య ఆ ఆసుపత్రిలో ప్లంబరు. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే కుళాయి తిప్పి చూసే రకం. పెళ్ళి చూపులకి వెళ్ళినప్పుడు కూడా అత్తయ్యని చూడకముందు వాళ్ళ పెరట్లో పంపు చూశాడని అత్తయ్య చెబుతుంది. “పంపు నచ్చింది కాబట్టి నన్ను చేసుకున్నారు. ఎండిపోయి ఉంటే లేచి వెళ్ళిపోయేవారే” అంటుంది. ఆయన కాదనడు. మా ఇంట్లో స్నానాలగది కుళాయి మాత్రం నేను వచ్చినప్పటినుంచీ కారుతూనే ఉంది. దాని గురించి అడిగితే, “ఇంటికొచ్చాక కూడా డ్యూటీయేనా?” అంటాడు.

ఆయనకి తన పనుల్లో ఒకటంటే ప్రాణం. ఐసీయూలో నర్సులు చేతులు కడుక్కునే సింకు. అంతకుముందు అక్కడున్న సింకులో నీళ్ళు దారంలా వచ్చేవి, కింద గొట్టం రోజూ పూడుకుపోయేది. నర్సులు గొడవ పెడితే మావయ్య దాన్ని తీసేసి కొత్తది పెట్టాడు. కుళాయిని సరిగ్గా సింకు కన్నం మీదికి వచ్చేలా బిగించాడు. ధార ధడధడా పడేది. ఏం పోసినా పూడుకోకుండా కింద గొట్టం వెడల్పు చేశాడు. హెడ్ సిస్టర్ వచ్చి తిప్పి చూసి, “మీ చేతిలో ఏదో ఉందన్నా!” అంది. ఆ ఒక్క మాట మా ఇంట్లో చాన్నాళ్ళు వడ్డించారు. అన్నంతో పాటు, చారుతో పాటు, మజ్జిగతో పాటు.

అత్తయ్యకి పిత్తాశయంలో రాళ్ళు వచ్చి, అవి ముదిరి చీము పట్టింది. మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేశారు. ఒకటి రెండు రోజులు ఐసీయూలో ఉంచి చూస్తామన్నారు. మావయ్య పరుగున వెళ్ళి హెడ్ సిస్టర్‌ని బతిమాలాడు.

“సిస్టరమ్మా, మా ఆవిడకి ఆ సింకు పక్క మంచం ఇప్పించండి.”

“కిటికీ పక్కది ఖాళీగా ఉందన్నా. వెలుతురు బాగుంటుంది.”

“వెలుతురుకేముంది, ఇంటికెళ్ళాక చూసుకుంటుంది. సింకు పక్కనైతే చేతులు కడుక్కోకుండా ఎవరూ ఆమెని ముట్టుకోరు.”

ఇప్పించారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయన గర్వంగా, “మంచి చోటు దొరికింది అమ్మడూ, సింకు పక్కనే” అన్నాడు. రైల్లో కిటికీ సీటు దొరికినట్టు చెప్పాడు. నేను కూడా సంతోషించాను. నా తెలివి అంతవరకే.

ఇంక వార్డుకి మారుస్తారనుకునేసరికి అత్తయ్యకి చలిజ్వరం పట్టుకుంది. రక్తం తీసి కల్చర్‌కి మా ల్యాబుకే పంపారు. కల్చర్ అంటే, రోగి రక్తంలోనో చీములోనో ఉన్న సూక్ష్మజీవులకి ప్లేటులో మేత వేసి పెంచడం. అవి పెరిగాక మరో ప్లేటు నిండా పరిచి, పైన రకరకాల మందుల బిళ్ళలు పెడతారు. మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ జాగా ఏర్పడుతుంది. ఆ ప్లేట్లు ఆవిరిలో ఉడికాక కడిగేది నేనే కాబట్టి, ఖాళీ జాగా అంటే మంచి కబురని నాకు తెలుసు. అత్తయ్య ప్లేటులో ఏ బిళ్ళ చుట్టూ జాగా లేదు. పచ్చిక బీడులో బొత్తాలు పారేసుకున్నట్టుంది.

మా ల్యాబు డాక్టరు మేడమ్ దాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. “క్లెబ్సియెల్లా” అని ఆ సూక్ష్మజీవి పేరు చెప్పుకుంది తనలో తను. బాగా చదువుకున్న అమ్మాయి పేరులా ఉందనుకున్నాను. తరవాత నా వైపు తిరిగి, “మీ మావయ్యని పిలు” అంది. పిలవడానికి వెళ్ళి, ఆయన ముందు నిలబడి, ఏం చెప్పాలో తోచక చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

“బలమైన మందు రాయండి మేడమ్. ఎంత బలమైనదైనా సరే” అన్నాడు మావయ్య.

“బలమైనవన్నీ ఇందులో ఉన్నాయి ప్లంబర్ గారూ. దీనికి ఏదీ లెక్కలేదు.”

“అదెలా? మందంటే మందే కదా!”

మేడమ్ కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. కూర్చుంటే కబురు ఇంకా చెడ్డదవుతుందని ఆయన భయం.

“మందు ఈ సూక్ష్మజీవిలోకి వెళ్ళి, ఒక చోట అతుక్కుని, దాన్ని చంపాలి. కొన్ని ఏం చేస్తాయంటే, మందు లోపలికొచ్చే దారుల్నే ఇరుకు చేసేస్తాయి.”

“వాల్వు కట్టేస్తాయి.”

“అలాగే అనుకోండి. కొన్ని, లోపలికొచ్చిన మందుని వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేస్తాయి.”

“మోటారు ఉంటుందా వాటికి?” మావయ్య నిజంగానే అడిగాడు.

“మోటారు లాంటిదే. కొన్ని, మందు అతుక్కునే చోటుని మార్చేస్తాయి. తాళం మార్చాక పాత తాళంచెవి పనిచెయ్యదు కదా. మీ ఆవిడకి పట్టిన దాని దగ్గర వీటికి తోడు ఒక కత్తెర కూడా ఉంది. మందు కనబడగానే కత్తిరించి పారేస్తుంది. ఇప్పుడున్న పెద్ద మందుల్ని కూడా.”

మావయ్య కొంచెంసేపు ప్లేటు వైపు చూశాడు. “వాల్వులు, మోటార్లు, తాళాలు. ఇవన్నీ మా పనివాళ్ళే మేడమ్! ఇంతమంది ప్లంబర్లు ఆవిడ కడుపులో ఉండగా నేను బయట నిలబడి ఏం చేస్తున్నట్టు?” అన్నాడు. నవ్వించాలనే అన్నాడు.

“ఇంకో సంగతి. ఈ కత్తెర చేసే కిటుకు ఒకదానికి తెలిస్తే చాలు, పక్కదానికి అందించేస్తుంది. చిన్న చీటీ రాసిచ్చినట్టు. ఆ పక్కది వేరే జాతిదైనా సరే.”

నాకు తల కొట్టేసినట్టయింది. నాతో చదివినవాళ్ళు చీటీలు అందించుకుని పరీక్షలు దాటేశారు. నేను పక్కపిల్లని అడగడానికి సిగ్గుపడి అన్ని లెక్కలూ తప్పు చేశాను. కంటికి కనబడని పురుగుకి ఉన్నంత చొరవ నాకు లేకపోయింది.

ఇంకో రకం పరీక్షలో ఒకే ఒక్క మందు పనిచేస్తుందని తేలింది. అది చాలా పాతది, మూత్రపిండాల మీద పడుతుందని ఎప్పుడో పక్కన పెట్టేసినది. అదే ఎక్కించడం మొదలుపెట్టారు. అత్తయ్యని విడిగా ఒక గదిలోకి మార్చారు. మావయ్య గది బయట బెంచీ మీద కూర్చుని, నర్సు బయటికొచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు. “మూత్రం వస్తోందా అమ్మా?” జీవితమంతా ఊరివాళ్ళ గొట్టాల్లో నీళ్ళు వస్తున్నాయా అని అడిగిన మనిషి.

ఈలోగా మేడమ్‌కి వేరే అనుమానం పట్టుకుంది. ఆ మంచం మీద అంతకుముందు పడుకున్న ఇద్దరికీ ఇదే పురుగు వచ్చింది. ఇద్దరూ దక్కలేదు. అందుకని దూది పుల్లలు పట్టుకుని ఐసీయూ అంతా తిరిగింది. మంచం కడ్డీలు, డాక్టర్ల ఫోన్లు, గుండె చూసే గొట్టాలు, చివరికి సింకు కన్నం. పుల్లలు పెట్టిన ట్రే మోస్తూ నేను వెనకాలే ఉన్నాను. మావయ్య కూడా వెంటపడ్డాడు.

“అన్నిచోట్లా తియ్యండి మేడమ్, నా సింకు మాత్రం వదిలెయ్యండి. దాంట్లో చుక్క నిలవదు. అద్దంలా పెట్టాను.”

“అద్దమైతే మొహం కనబడుతుందిలెండి” అని మేడమ్ పుల్లని కన్నంలోకి దించింది.

అన్ని పుల్లలూ ఏదో ఒకటి చూపించాయి. అత్తయ్య రక్తంలోది మాత్రం ఒక్క సింకులోనే దొరికింది. మావయ్య ఒప్పుకోలేదు. “పురుగు గొట్టంలో ఉంది సరే. గొట్టంలోంచి మంచం మీదికి ఎలా ఎక్కుతుంది? దానికి నిచ్చెన నేను వెయ్యలేదే!” అన్నాడు.

మేడమ్ వాదించలేదు. మర్నాడు సింకు పక్కన ఖాళీ అయిన మంచం మీద తలవైపు తెల్ల కాగితాలు పరిపించింది. సింకు కన్నంలో ఆకుపచ్చ రంగు కొంచెం పోసి, “మామూలుగా తిప్పినట్టే కుళాయి తిప్పండి” అంది. మావయ్య తిప్పాడు. ధార ధడధడా సరిగ్గా కన్నంలో పడింది, ఆయన బిగించినట్టే. ఆపాక వెళ్ళి కాగితాలు చూశాం. దిండు ఉండే చోట సన్నటి ఆకుపచ్చ చుక్కలు. అక్కడొకటి, ఇక్కడొకటి, తలగడ అంచున ఇంకొన్ని.

మావయ్య ఒక చుక్క మీద వేలు పెట్టబోయి, మానేశాడు.

“అయినా గొట్టంలోకి ఎలా వచ్చింది, అంత చదువుకున్న పురుగు?” అన్నాడు.

దానికి జవాబు హెడ్ సిస్టర్ మొహంలో ఉంది. సీసాల్లో మిగిలిపోయిన గ్లూకోజు, రోగికి ఎక్కించగా మిగిలిన యాంటీబయాటిక్, సగం తాగిన టీ, అందరూ ఆ సింకులోనే పోసేవారు. పారబోసే గది వరండా చివర ఉంది. చేతిలో పది పనులుంటే అంతదూరం ఎవరు నడుస్తారు? “మేమొక్కళ్ళమే కాదు మేడమ్, డాక్టర్లు కూడా పోస్తారు” అంది సిస్టర్ చిన్నగా.

“గ్లూకోజు భోజనం” అంది మేడమ్. “మందు పాఠం. నీళ్ళలో కలిసి పలచబడిన మందు వాటిని చంపదు. ఎలా తట్టుకోవాలో నేర్పుతుంది. గొట్టం లోపల జిగురు పొరలో కూర్చుని తింటూ చదువుకున్నాయి.”

“బడి కట్టింది నేనే” అన్నాడు మావయ్య. “పూడుకోకుండా వెడల్పు చేశాను, పొయ్యండమ్మా పొయ్యండి అని కూడా చెప్పాను. పైగా పక్క మంచం కావాలని సిఫార్సు చేయించాను.”

నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను. ట్రేలో పుల్లలు సర్దాను.

అత్తయ్య బతికింది. ఆ పాత మందు పురుగుని చంపి, మూత్రపిండాల్ని సగం కొట్టేసి వదిలింది. ఇప్పటికీ ఉప్పు తగ్గించి తింటుంది, తరచూ రక్తపరీక్షలకి వెళుతుంది. ఇంటికొచ్చిన రోజు మావయ్య ఆమె మంచం పక్కన కూర్చుని, సింకు సంగతి ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని విని, “పెళ్ళైన ఇన్నేళ్ళకి మీ కుళాయి ఒకటి నా మీద పనిచేసింది. ఇంట్లోది మాత్రం బాగుచెయ్యకండి. ఇలా కారుతుంటేనే నాకు ధైర్యంగా ఉంది” అంది. మావయ్య నవ్వాడు. నవ్వుతూనే బయటికెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆసుపత్రి ఆఫీసులో పెద్దాయన, సింకు మార్చడానికి ఫైలు పెట్టమన్నాడు. పైన సంతకాలు కావాలట. అందాకా రోజూ బ్లీచింగ్ నీళ్ళు పొయ్యమన్నాడు. పోశారు. కొన్నాళ్ళు పుల్ల శుభ్రంగా వచ్చింది, తరవాత మళ్ళీ అదే. జిగురు పొర మీదనుంచి బ్లీచింగ్ జారిపోతుంది కానీ లోపలికి దిగదని మేడమ్ ముందే చెప్పింది. ఆ మంచం చుట్టూ తెర కట్టి, ఎవరినీ వెయ్యొద్దని రాసి పెట్టారు. సింకు వాడొద్దని కూడా రాశారు. కానీ హడావుడిలో చేతులు అలవాటైన కుళాయి వైపే పోయేవి.

ఒకరోజు పొద్దున పదిన్నరప్పుడు హెడ్ సిస్టర్ మావయ్యకి ఫోన్ చేసింది. ఆయన ల్యాబులో మా వేడినీళ్ళ గీజరు చూస్తున్నాడు. స్పీకరు పెట్టుకుని మాట్లాడటం అలవాటు కాబట్టి అందరం విన్నాం.

“అన్నా, మంచాలన్నీ నిండిపోయాయి. ఆ తెర తీసేస్తున్నారు. ఆపరేషన్ థియేటర్‌లోంచి ఎవరో యాక్సిడెంటు కేసు వస్తోంది. నేను వద్దన్నాను, నా మాట ఎవరూ వినట్లేదు.”

“సింకు?”

“ఫైలు ఇంకా పైనే ఉందట.”

మావయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “మేడమ్, ఆ గొట్టం లోపల చూడాలని అన్నారు కదా, తెచ్చిస్తే కోసి చూస్తారా?” అన్నాడు. మేడమ్ ఆయన మొహం చూసి, “తెచ్చేటప్పుడు ఎక్కడా చుక్క కారకూడదు” అని మాత్రం అంది. ఆయన రెంచి తీసుకున్నాడు. “అమ్మడూ, పసుపు కవర్లు పట్టుకుని రా” అన్నాడు.

ఐసీయూలో ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు. కింద నీళ్ళ వాల్వు కట్టేసి, నట్లు విప్పి, సింకుని గొట్టంతో సహా దించాడు. గోడలో మిగిలిన రెండు నోళ్ళకీ మూతలు బిగించాడు. తను పెట్టినదే కాబట్టి ఏ నట్టు ఎటు తిరుగుతుందో వెతుక్కోనక్కర్లేకపోయింది. డ్యూటీ డాక్టరు వచ్చి, “ఎవరు చెప్పారు? చేతులెక్కడ కడుక్కోవాలి?” అని అడిగాడు. “గుమ్మం పక్కన ఇంకోటి ఉంది సార్. అక్కడ మంచాల్లేవు” అన్నాడు మావయ్య. డాక్టరు నన్ను చూసి, “నువ్వెవరు?” అన్నాడు. నేను కవరు చూపించాను. నా పేరు అదే అనుకుని ఉంటాడు.

ఆసుపత్రి చెత్త వేసే పసుపు కవర్లు ఒకదాని మీద ఒకటి తొడిగి, మూతి కట్టి, భుజాన వేసుకున్నాడు. సామాన్ల లిఫ్టు పాడైంది, ఓపీ వరండా ఒక్కటే దారి. జనం తిరునాళ్ళలా ఉన్నారు. “నువ్వు ముందు నడుస్తూ జరగమని చెప్పు” అన్నాడు. జీవితంలో మొదటిసారి గొంతెత్తి అరిచాను. “జరగండి! జరగండి!” ఒక్కళ్ళూ జరగలేదు. ఒక ముసలాయన, “ఏంటమ్మా, నన్నేమైనా అడిగావా?” అన్నాడు. వెనకనుంచి మావయ్య ఒక్క కేక వేస్తే వరండా రెండుగా చీలింది. అందుకే కథలో అందరికీ ఆయనే గుర్తున్నాడు, నేను లేను.

ల్యాబు వెనక షెడ్డులో మేడమ్ గొట్టాన్ని నిలువునా కోయించింది. లోపల బూడిదరంగు జిగురు, చిటికెన వేలు మందాన. మావయ్య వంగి చూసి, “పైన ఎంత అందంగా బిగించాను!” అన్నాడు. సింకూ గొట్టమూ ఆవిరి పెట్టెలో ఉడికి చెత్తబండి ఎక్కాయి. మా వంటగదిలోకి ఏదీ రాలేదు. మాకు అక్కడ ఉన్న సింకుకే దిక్కు లేదు.

అనుమతి లేకుండా ఆసుపత్రి ఆస్తి తొలగించినందుకు ఆయనకి మెమో ఇచ్చి, లోపలి పనుల నుంచి తీసేసి తోట పైపుల మీద వేశారు. ఇప్పుడు గడ్డికి నీళ్ళు పెడుతున్నాడు. “హాయిగా ఉందమ్మడూ. మొక్కలు చేతులు కడుక్కోవు, టీ పారబొయ్యవు” అంటాడు. టీకొట్టు వాళ్ళు ఆయన్ని చూసి జాలిపడి, పోయిన భార్యని తలుచుకుని గొంతు తగ్గిస్తారు. ఆయనా కాదని చెప్పడు. మా వంశంలో మాటకి కరువు నా ఒక్కదానితో మొదలవలేదేమో!

ఆ రోజు పదకొండు గంటలకి థియేటర్ నుంచి తెచ్చి ఆ మంచం మీద వేసింది ఒక లారీ డ్రైవరుని. మావయ్య అతన్ని ఎప్పుడూ చూడలేదు. అతని రక్తం మూడుసార్లు మా ల్యాబుకి వచ్చింది. మూడుసార్లూ ఏమీ పెరగలేదు. ఆ ప్లేట్లు నేనే కడిగాను. కాలికి కట్టుతో, జ్వరం లేకుండా అతను వార్డుకి వెళ్ళిపోయాడు.